మాగ్నుస్ కూతురు

ఎవరేం అడిగినా చిదంబరంగారు వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాడి ముఖంలోకి కాసేపు చూసి, ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకుంటారు. ఆశ్రమం పెట్టుకోకముందు ఆయన ఓడల్లో ఇంజనీరు. చూడని రేవు లేదు. వంశధార ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమానికి ఒక ఉదయం శిష్యుడు సీతాపతి విసవిసా వచ్చి, ఆయన ముందు ఒక శుభలేఖ పెట్టాడు.

పాతికేళ్ల కిందట సీతాపతి తన రెండో కొడుకును పిల్లలు లేని తోడల్లుడికి దత్తత ఇచ్చాడు. ఇప్పుడు ఆ అబ్బాయికి పెళ్లి. శుభలేఖలో ఇంటిపేరు వాళ్లది, తండ్రి పేరు తోడల్లుడిది. సీతాపతి పేరు ఎక్కడో కింద, పెదనాన్నల వరసలో అచ్చయింది.

“గురువుగారూ, కన్నవాణ్ణి నేను. పేరేమో ఇంకొకరిది. ఇంతకీ వాడు ఎవరి బిడ్డండీ?” అన్నాడు.

చిదంబరంగారు శుభలేఖ మడిచి అతని చేతికే ఇచ్చి, ఐస్‌లాండ్ సంగతి మొదలుపెట్టారు. ఒకసారి ఆయన ఓడ చెడిపోయి అక్కడి చేపల రేవులో మూడు నెలలు నిలిచిపోయింది. ఆ దేశంలో చాలామందికి ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరు చివర కొడుకైతే ‘సన్’ అని, కూతురైతే ‘డోటిర్’ అని చేరుస్తారు. తల్లి పేరు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. అందుకని ఒకే ఇంట్లో తండ్రి రెండో పేరు ఒకటి, కొడుకుది ఒకటి, కూతురిది మరొకటి. ఆ పేరు చెవిన పడితే చాలు, ఎవరి బిడ్డో తెలిసిపోతుంది.

ఆ రేవులో మాగ్నుస్ అనే జాలరి ఉండేవాడు. అతను పెళ్లాడిన మనిషికి మొదటి భర్త ఏనార్ వల్ల నాలుగేళ్ల కూతురుంది. పిల్ల పేరు సిగ్రున్ ఏనార్స్‌డోటిర్. ఏనార్ చెడ్డవాడేమీ కాదు. దూరపు సముద్రాల్లో పని, ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లేవాడు. పిల్లకు పన్నెండేళ్లప్పుడు తల్లి పోయింది. అప్పటినుంచి జడలు వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ, చుక్కాని పట్టుకోవడం నేర్పిందీ మాగ్నుసే. బళ్లో ‘ఏనార్స్‌డోటిర్’ అని పిలిచినప్పుడల్లా మాగ్నుస్‌కు లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకునేది. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు.

సిగ్రున్ ఇరవై మూడో ఏట పడవ కెప్టెన్ పరీక్ష గట్టెక్కింది. పట్టాలిచ్చే రోజున మాగ్నుస్ హడావుడి చూడాలి! తెల్లారకముందే గడ్డం గీసుకున్నాడు. టై ముడి రాక ముగ్గురు పొరుగువాళ్ల తలుపులు తట్టాడు. దారిలో కనబడ్డవాళ్లందరికీ “ఇవాళ మా పిల్ల కెప్టెన్ అవుతోంది” అని, అడక్కుండానే చెప్పాడు. గంట ముందే వెళ్లి మొదటి వరసలో కూర్చున్నాడు. కాసేపటికి ఏనార్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎనిమిది గంటలు బస్సులో వచ్చాడట. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ‘మంచిదే, పేరు పిలిచేటప్పుడు పేరుగలవాడు ఉండాలిగా’ అనుకున్నాడు మాగ్నుస్. అనుకున్నాడే గానీ, సరిగ్గానే ఉన్న టై ముడిని మళ్లీ సవరించుకున్నాడు.

పేర్లు చదువుతున్నారు. ఎనిమిదిమంది అయ్యారు. మాగ్నుస్ కుర్చీ అంచుకు జరిగి, చప్పట్లకు చేతులు సిద్ధంగా పెట్టుకున్నాడు.

“సిగ్రున్ మాగ్నుస్‌డోటిర్!”

ఎవరో మరో సిగ్రున్ అనుకున్నాడతను. పాపం, ఎవరి పిల్లో అని మర్యాదకు రెండు చప్పట్లు కొట్టి, ఈ ఊళ్లో ఇంకో మాగ్నుస్ ఎవడా అని వెనక్కి తిరిగి వెతికాడు. హాలంతా తనవైపే చూస్తోంది. ఎందుకో అర్థం కాలేదు.

అప్పుడు ఏనార్ అతని భుజం పట్టి కుదిపాడు.

“లేవయ్యా మాగ్నుస్. నీ కూతుర్ని పిలుస్తున్నారు.”

అంతకు వారం ముందే సిగ్రున్ ఏనార్‌కు ఫోన్ చేసింది. “నాన్నా, పేరు మార్చుకుందామనుకుంటున్నాను. నీకు కష్టంగా ఉంటుందా?” అని అడిగింది. “ఆ రోజు నన్నూ రానిస్తావా అమ్మా?” అన్నాడు ఏనార్. మాగ్నుస్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మాగ్నుస్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. అలల హోరులో పడవ మీదనుంచి కేకేసినట్టు “సిగ్రున్!” అని అరిచాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల పట్టా తీసుకోవడం మరిచి, మెట్లు దిగి పరుగెత్తుకొచ్చి అతని మెడ చుట్టేసుకుంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. పక్కన ఏనార్ నిలబడి, అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

చిదంబరంగారు అక్కడితో ఆపేశారు.

సీతాపతి శుభలేఖ అంచును గోటితో గీశాడు. “పాపం ఆ ఏనార్! అంత దూరం వచ్చి, ఉన్న ఒక్క కూతుర్నీ పోగొట్టుకుని వెళ్లాడన్నమాట” అన్నాడు.

“‘నీ కూతుర్ని పిలుస్తున్నారు’ అని మాగ్నుస్‌ను లేపిందెవరు నాయనా?” అన్నారు చిదంబరంగారు.