కళ్ళకు బియ్యం వైద్యం

కుంతవరం రాజు "నా మొదటి గురువు అమ్మే" అని బంగారు రేకు మీద స్వయంగా రాసి తల్లికిచ్చాడు. అక్షరం అక్షరానికీ లతలు చుట్టాడు, నెమళ్ళు అతికించాడు. పాపం, ఆవిడ ఎంత చూసినా చదవలేకపోయింది.

"అయ్యో, అమ్మకు చూపు పోయింది!" అని రాజు కంగారుపడ్డాడు. వైద్యుడొచ్చి కళ్ళు మండే కలికం నూరడం మొదలుపెట్టాడు.

వంటమనిషి నాంచారమ్మ పరుగున వెళ్ళి పళ్ళెంలో బియ్యం పరిచి తెచ్చింది. "ముందు నా వైద్యం చూడండి ప్రభూ. ఆ మాటే ఇందులో వేలితో రాయండి."

బియ్యంలో లతలు నిలవలేదు. అక్షరాలు పెద్దగా, గుండ్రంగా, ఎడంఎడంగా పడ్డాయి. తల్లి తడుముకోకుండా చదివి కళ్ళు తుడుచుకుంది.

"చూపెలా వచ్చిందే?" అన్నాడు రాజు.

"నేను వైద్యం చేసింది అమ్మగారి కళ్ళకు కాదు ప్రభూ, మీ చేతిరాతకు."

తల్లి నవ్వి, ఓనమాలు దిద్దించిన నాటిలాగే కొడుకు వేలు పట్టుకుంది. "ఇంకోటి రాద్దామా, నాయనా?"