తాలీంఖానాలో తెర కొలత

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. మనమున్న చోట ఆదోని పేరు విన్నవాళ్లే లేరు, ఇక అక్కడి ఉస్తాద్ సంగతి ఎవరు చెబుతారు? మొన్న తెర చిన్నదని మీరిద్దరూ అరుచుకుని తలుపులు వేసుకున్న రోజే చెప్పాలనుకున్నాను. ఆ రోజు నాకూ కోపంగా ఉంది. కోపం మీద చెబితే ఈ కథ పాడవుతుంది. అంగుళాల దగ్గర తప్పు దొర్లకూడదని, కళ్లారా చూసినవాళ్లను రెండుసార్లు అడిగి మరీ రాస్తున్నాను. వినండి.

ఉరుకుందు ఓడిపోయాడు. అదీ వరసగా నాలుగోసారి, ఒకే అమ్మాయి చేతిలో.

చేతిలో ఉన్న కంట్రోలర్‌ను నేల మీద పరిచిన జంఖానా మీదకు విసిరికొట్టాడు.

"ఇది తెరనా ఉస్తాద్? అగ్గిపెట్టె! ముప్పై రెండంగుళాల డబ్బాలో మనిషి చీమంత కనపడతాడు. ఆ మూల నుంచి ఈమె మనిషి ఎగిరి దూకినాడు. నాకు కనపడితే కదా ఆపేది!"

"నాకూ అదే తెర కదన్నా," అంది జైబున్. పదిహేడేళ్ల పిల్ల, మాట మాత్రం ముదురు. "అందులోనూ నీ తల అడ్డం. సగమే కనపడింది. ఆ సగంతోనే గెలిచినా."

గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్లు నవ్వారు. ఉరుకుందు చెవులు ఎర్రబడ్డాయి.

ఉస్తాద్ హుసేన్‌పీరా నవ్వలేదు. కింద పడ్డ కంట్రోలర్‌ను తీసి, చొక్కా అంచుతో తుడిచి, దాని చోట పెట్టాడు.

అది ఆదోని కోట కింది వీధిలో పాత తాలీంఖానా. హుసేన్‌పీరా తాత కాలంలో అక్కడ కుస్తీలు పట్టేవాళ్లు. పహిల్వాన్లు పోయారు, ఎర్రమట్టి గోదా మిగిలింది. హుసేన్‌పీరా ఆ ఎర్రమట్టిని తవ్వి పారేయలేదు. దాని మీద చాపలు వేసి, చాపల మీద జంఖానా పరిచి, గోడకు ఒక టీవీ తగిలించి, దాని కింద గేమింగ్ కన్సోల్ పెట్టాడు. ఇప్పుడక్కడ ఆడేదీ కొట్లాటే. తెర మీద ఇద్దరు మనుషులు తలపడతారు. పైన రెండు మూలల్లో ఇద్దరి బలం చూపే రెండు పట్టీలుంటాయి. ఎవరి పట్టీ ముందు ఖాళీ అయితే వాళ్లు ఓడినట్టు.

ఆట మారినా పద్ధతులు మారలేదు. చెప్పులు బయటే. కుర్చీల్లేవు. ఆడే ముందు నేల తాకి కళ్లకద్దుకోవాలి. రోజూ అందరూ వెళ్లిపోయేటప్పుడు ఉస్తాద్ జంఖానాను సర్దేవాడు. అది తెర వైపు జరిగి, ముడతలు పడి, ఒక చోట కుప్పయి ఉండేది. దాన్ని వెనక్కి లాగి సాపు చేసేవాడు. ఉరుకుందు పదేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. ఎందుకు కుప్పవుతుందని ఎన్నడూ అడగలేదు.

అతని కోపానికి కారణం లేకపోలేదు. కర్నూలులో పోటీ ఉంది. ఒక్కో చోటు నుంచి ఒక్కరే వెళ్లాలి. ఇరవై రెండేళ్లు దాటినవాళ్లను రానివ్వరు. ఉరుకుందుకు వచ్చే నెలతో దాటిపోతాయి. పన్నెండో ఏట ఆ గడప తొక్కినవాడు, ఇన్నేళ్లూ ఈ ఒక్క పోటీ కోసమే ఆడాడు. పేరు తనదేనని ఊరంతా అనుకుంది. తనూ అనుకున్నాడు.

ఫోనులో ఒక ఫారం నింపి పంపాలి. అందులో రెండు గళ్లు. ఒకటి పేరు. రెండోది తెర సైజు. ఎవరికి ఎంత తెర కావాలో వాళ్లే చెప్పుకోవచ్చు: ఇరవై నాలుగు, ముప్పై రెండు, నలభై మూడు, యాభై అయిదు. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆఖరు.

"ముందు నీకెంత తెర కావాలో తేల్చుకో," అన్నాడు ఉస్తాద్. "పేరు సంగతి తర్వాత చూద్దాం."

"తెస్తా చూడు," అన్నాడు ఉరుకుందు.

మరుసటి రోజే మేనమామ ఇంటి నుంచి యాభై అయిదంగుళాల టీవీని ఆటోలో ఎక్కించుకొచ్చాడు. అత్త సీరియల్ మధ్యలో ఉండగానే తీగ పీకేశాడు. ఆమె తిట్లు ఆటో మలుపు తిరిగేదాకా వినపడ్డాయట.

ఆ తెర మీదా ఓడిపోయాడు.

"ఇది మరీ గోడంత ఉంది!" అని అరిచాడు. "ఈ మూల చూస్తే ఆ మూల పోతుంది. మెడ తిప్పేలోపల ఈమె గుద్ది పోతుంది. మనిషన్నవాడు ఆడే తెరనా ఇది?"

"తల, అన్నా," అంది జైబున్.

"నోరు మూస్తావా లేదా?"

ఉస్తాద్ టీవీని దుప్పట్లో జాగ్రత్తగా చుట్టించి, అత్తకు అప్పగించి రమ్మన్నాడు. అందరూ పోయాక జంఖానాను వెనక్కి లాగి సర్దాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఉరుకుందు బజారులో టీవీలమ్మే గవిసిద్దప్ప దుకాణానికి వెళ్లాడు. ముప్పై రెండు చిన్నది, యాభై అయిదు పెద్దది, కాబట్టి నలభై మూడు సరిపోవాలి. కాని ఈసారి మోసపోదలచుకోలేదు. బల్ల మీదున్న టేపు తీసుకుని తెరను ఈ అంచు నుంచి ఆ అంచుకు తనే కొలిచాడు. ముప్పై ఏడున్నర.

"ఏం పెద్దయ్యా! నలభై మూడని రాసి ముప్పై ఏడున్నర అమ్ముతావా? మేము చదువుకోలేదనుకున్నావా?"

గవిసిద్దప్ప అద్దాలు సర్దుకున్నాడు. "టేపు ఇటివ్వప్పా."

కింది మూల నుంచి పై మూలకు ఐమూలగా పట్టి చూపించాడు. నలభై మూడు.

"తెరను ఇట్ల కొలుస్తారు. పదేళ్లుగా ఆడుతున్నావంట, మీ ఉస్తాద్ ఇది కూడా చెప్పలేదా?"

"మా ఉస్తాద్ జోలికి రావద్దు!"

"రాను లేప్పా. నువ్వు తెరకు ఎంత దూరంలో కూర్చుంటావు? అది చెప్పు. సైజు నేను చెప్తా."

"ఆరడుగులు," అన్నాడు ఉరుకుందు ఒక్క క్షణం ఆలోచించకుండా. గోదాలో అందరూ కూర్చునేది ఆ దూరంలోనే.

"ఆరడుగులకైతే నలభై మూడు భేషుగ్గా ఉంటుంది. ముప్పై రెండైనా ఆడొచ్చు. అందులో నీకు మనిషి కనపడలేదంటే కంటి డాక్టర్ దగ్గరికి పో, నా దగ్గరికి కాదు."

దుకాణంలో ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఉరుకుందు విసురుగా బయటికొచ్చేశాడు. ఆ విసురులో దుకాణం టేపు కూడా జేబులో వేసుకొచ్చిన సంగతి అతనికి తెలియలేదు.

తాలీంఖానాకు వచ్చేసరికి మూడు దాటింది. గడప దగ్గర చెప్పులు విడవడం కూడా మరిచిపోయాడు. మళ్లీ వెనక్కి పోయి విడిచి వచ్చాడు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

"ఉస్తాద్! ఈ రోజు నువ్వు నోరు విప్పాల్సిందే. ఎన్ని అంగుళాలు? ఒక్క ముక్క చెప్పు. ఊళ్లో ప్రతి అడ్డమైనవాడూ నవ్వుతున్నాడు. పదేళ్లు నీ గడప తొక్కినా. ఒక్క అంకె అడిగితే మూగవాని మాదిరి కూర్చుంటావు. తెలియకపోతే తెలియదని చెప్పు, పోతా!"

ఆ గోదాలో ఉస్తాద్‌తో అట్లా మాట్లాడినవాళ్లు లేరు.

హుసేన్‌పీరా ముఖం కందగడ్డలా అయింది. ఆయనదీ తక్కువ కోపం కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయన చెయ్యి లేస్తే ఎలా ఉండేదో తెలిసినవాళ్లు ఆ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. లేచాడు. నేరుగా మూలకు పోయి పార అందుకున్నాడు.

జైబున్ భయపడి లేచి నిలబడింది. ఉరుకుందు కదల్లేదు. కొడితే కొట్టించుకుందామన్నట్టు నిలబడ్డాడు.

ఉస్తాద్ అతని వైపు చూడనైనా చూడలేదు. జంఖానా కొస పట్టి ఒక్క ఊపున లాగేశాడు. చాపలు ఎత్తి గోడవారకు విసిరాడు. కింద మట్టి. ఎన్నో ఏళ్ల కిందట మూసిన ఎర్రమట్టి. గదంతా పాత వాసన కమ్మింది.

ఆయన తవ్వడం మొదలుపెట్టాడు. పైపైన జానెడు లోతు తవ్వి, గడ్డలు పగలగొట్టి, చెంబుతో నీళ్లు చిలకరించి, మోకాళ్ల మీద కూర్చుని అరచేతులతో సాపు చేశాడు. గోడకు సున్నం పూసినంత ఓపికగా ఆ కొస నుంచి ఈ కొసకు నిమిరాడు. సాయం పట్టబోయిన ఒకాయన్ని కంటిచూపుతోనే ఆపాడు. గడియారం నాలుగు దాటింది.

"ఫారానికి గంట కూడా లేదు ఉస్తాద్," అన్నాడు ఉరుకుందు.

"కూర్చో. జైబున్, నువ్వూ."

"మట్టిలోనా?"

"నన్ను మా తాత ఈ మట్టిలోనే కూర్చోబెట్టినాడు. నీ ప్యాంటు నాకంటే గొప్పదా?"

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, గోడకు ఆరడుగుల దూరంలో. నేల తాకి కళ్లకద్దుకున్నారు. ఈసారి వేళ్లకు నిజంగానే మట్టి అంటింది. ఎదురుగా పాత ముప్పై రెండంగుళాల తెర వెలిగింది.

మొదటి దెబ్బ ఉరుకుందుదే. రెండోదీ అతనిదే. ఈ రోజు వదలనని పళ్లు కొరికాడు. అంతలో జైబున్ మనిషి కాలు విసిరాడు, అతని మనిషి వెల్లకిలా పడ్డాడు. దుకాణంలో నవ్విన ముఖాలు కళ్లముందు కదిలాయి. లేచాడు, కొట్టాడు, ఆమె తప్పించుకుంది. మళ్లీ కొట్టాడు. ఆమె మనిషి వెనక్కి, వెనక్కి, ఆ మూలకు పోయాడు. ఆ మనిషి తప్ప ఉరుకుందుకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. వాడి గొంతు పట్టుకుంటే చాలు. పైన తన బలం పట్టీ ఎర్రబడి మిణుకుమిణుకుమంటోంది. అతను చూడలేదు. మూల నుంచి వాడు ఎప్పుడు ఎగిరాడో అదీ చూడలేదు.

ఆట అయిపోయింది.

"చూసినావా ఉస్తాద్! ఈ పాడు తెర..." అంటూ ఉరుకుందు పక్కకు తిరిగాడు.

పక్కన జైబున్ లేదు.

మెడ ఇంకా వెనక్కి తిప్పాడు. ఆమె వెనకెక్కడో ఉంది. మఠం వేసుకుని, ఒళ్లో కంట్రోలర్ పెట్టుకుని, కూర్చున్న చోటే కూర్చుని ఉంది.

"నువ్వెందుకు వెనక్కి పోయినావు?" అన్నాడు.

మొదటిసారి జైబున్ ఎత్తిపొడవలేదు. నేల వైపు చూసింది.

ఉస్తాద్ గోడకు ఆనుకుని చేతులకంటిన మట్టి దులుపుకుంటున్నాడు.

"మా తాత కుస్తీ చూసేవాడు కాదు," అన్నాడు. "అయిపోయినాక మట్టి చూసేవాడు."

ఉరుకుందు లేచాడు. జైబున్ కింద మట్టిలో మనిషి కూర్చున్నంత గుండ్రటి గుర్తు ఉంది, అంతే. ఆ గుర్తు పక్కనే మొదలై, నాగలి లాగినట్టు, మడమలు గీసిన రెండు చాళ్లు, వాటి మధ్య ఈడ్చుకుపోయిన వెడల్పాటి జాడ. అవి సూటిగా తన కాళ్ల దాకా వచ్చి ఆగాయి. మొదట్లో లోతు లేదు. పోనుపోను లోతయింది.

అతను జేబు తడుముకున్నాడు. టేపు తగిలింది. తీసి చాలు వెంబడి పరిచాడు. ముప్పై ఎనిమిది అంగుళాలు.

చాలు ఆగిన చోటి నుంచి గోడ దాకా పట్టాడు. ముప్పై నాలుగు.

దుకాణంలో తను చెప్పింది ఆరడుగులు. గోడవారన, విసిరేసిన జంఖానా ఇంకా ముడతల మీద ముడతలుగా పడి ఉంది. రోజూ తను ముందుకు ఈడ్చింది, ఉస్తాద్ వెనక్కి లాగింది దాన్నే.

"ఇప్పుడు అడుగు," అన్నాడు ఉస్తాద్. "ఎన్ని అంగుళాలు కావాలి?"

ఉరుకుందు టేపు చుట్టేశాడు.

అయిదుకు ఇంకా పది నిమిషాలున్నాయి. ఉస్తాద్ ఫోను తీసి అతని చేతిలో పెట్టాడు. ఫారాలు ఎప్పుడూ నింపేది ఉరుకుందే. మొదటి గడిలో వేలు ఆగింది. తర్వాత గబగబా ఒక పేరు కొట్టాడు.

జైబున్ భుజం మీంచి తొంగిచూసింది. "అన్నా, వద్దు. నాకింకా ఐదేళ్లుంది. నువ్వే పో."

"నీ దయ ఎవరడిగినారు?" అని కసిరాడు. కోపం తగ్గలేదు. కాని అది ఈసారి ఆమె మీద కాదని ఆమెకు తెలిసింది. "తెర ఎంత పెట్టాలో చెప్పు. టైమవుతుంది."

"ఏదో ఒకటి పెట్టన్నా," అంది జైబున్. "కూర్చోడానికి చాప ఉంటుందా అని మాత్రం అడుగు."

ఫారం వెళ్లిపోయింది. ఉస్తాద్ వంగి జంఖానా కొస అందుకున్నాడు.

"ఉండనీ ఉస్తాద్," అన్నాడు ఉరుకుందు. "ఈ రోజు పరచొద్దు."

పిల్లలూ, ఆ జంఖానా మళ్లీ పరిచారో లేదో నాకు తెలియదు. పరిచారన్నవాళ్లున్నారు, లేదన్నవాళ్లున్నారు. అందుకే అది రాయలేదు. మీరు మాత్రం ఈ కథను మీ దగ్గరే ఉంచుకోకండి. అరుచుకుని తలుపులు వేసుకునే పిల్లలు మీ తర్వాతా ఉంటారు, వాళ్లకు చెప్పండి. ఊరి పేరు నోరు తిరక్కపోతే వదిలేయండి. తెర ఎంతదో మరిచిపోయినా పరవాలేదు. ఆ చాలు మాత్రం ముప్పై ఎనిమిది అంగుళాలు. అందులో ఒక్క అంగుళం కూడా తగ్గించి చెప్పకండి.