మకరందుడు పోగొట్టుకున్న ఐదు రోజులు

మీ తాతలకి తాతలు కూడా పుట్టకముందు సంగతి, వినండి. సముద్రం ఒడ్డున రత్నకోట అనే రాజ్యం ఉండేది. దాన్ని ధవళకీర్తి అనే రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ సరిహద్దుల్లో యుద్ధానికి వెళ్ళారు. చిన్నవాడు మకరందుడు తండ్రి దగ్గరే ఉన్నాడు.

మకరందుడు మంచివాడే, తెలివైనవాడే. కానీ ఏ పని చెప్పినా "రేపు చేస్తాను నాన్నగారూ" అనేవాడు. ఒకసారి ఉత్తరపు బురుజులో కిటికీ తలుపు విరిగింది. భూతకేతుడనే మాంత్రికుడు రాజ్యం మీద కన్నేశాడని వేగులవాళ్ళు చెప్పారు. "ఆ తలుపు బాగు చేయించు నాయనా" అని రాజు ఒకసారి చెప్పాడు, రెండోసారి చెప్పాడు, మూడోసారీ చెప్పాడు. మూడుసార్లూ మకరందుడు "రేపు" అన్నాడు.

మూడోసారి అన్న రోజునే భూతకేతుడు నల్లటి పొగలా ఆ కిటికీలోంచి వచ్చి, కొలువులో ఉన్న రాజు పాదాల మీద బూడిద చల్లాడు. పాదాలు రాయైపోయాయి.

"రోజుకి మూడు వేళ్ళ మేర రాయి పైకి పాకుతుంది. ఇరవై ఒకటో రోజు పొద్దు గుంకేసరికి గుండెకి చేరుతుంది. అప్పుడు ఈ రాజ్యం నాది" అని చెప్పి, వచ్చిన దారినే పోయాడు.

ముసలి మంత్రి మకరందుణ్ణి పక్కకి పిలిచాడు. "రాకుమారా, వాడి దీవి ఏడు సముద్రాల అవతల ఉంది. వాడి ప్రాణం అక్కడే ఒక చిలకలో దాచుకున్నాడట. వాడు చస్తేనే మంత్రం విడుతుంది. అన్నగార్లకి కబురు పంపినా సమయానికి రాలేరు. మీరే బయల్దేరాలి."

మకరందుడు బయల్దేరతానన్నాడు. మొదటి రోజు కత్తికి పదును పెట్టించాడు. రెండో రోజు పదును చాలలేదని మళ్ళీ పెట్టించాడు. మూడో రోజు ముహూర్తం చూపించాడు. నాలుగో రోజు మబ్బు పట్టిందన్నాడు. ఐదో రోజు ఏమీ అనలేదు, ఏమీ చెయ్యలేదు. సాయంత్రం కాగానే తండ్రి కాళ్ళ మీది దుప్పటి తొలగించి చూసేవాడు. రాయి మూడు వేళ్ళు పెరిగి ఉండేది. అతనికి అన్నం సయించేది కాదు.

ఐదో సాయంత్రం రాజు అతని చెయ్యి పట్టుకున్నాడు. "భయంగా ఉందా నాయనా?"

"ఉంది నాన్నగారూ. తీరా వెళ్ళి చెయ్యలేకపోతేనో?"

"వెళ్ళకపోయినా చెయ్యనట్టేగా" అన్నాడు రాజు మెల్లగా.

మకరందుడు తెల్లవారుతూనే కత్తి తీసుకుని ఒంటరిగా రేవుకి వెళ్ళాడు. ఒడ్డుకి దగ్గర్లో ఒక ఆడ తిమింగలం మూలుగుతూ కనిపించింది. దాని వీపులో మూడు ఈటెలు దిగబడి ఉన్నాయి.

"వీటిని లాగెయ్యి బాబూ, నువ్వెక్కడికంటే అక్కడికి మోసుకెళ్తాను" అంది.

"ముందు నన్ను దాటించు. అక్కడికెళ్ళాక తీస్తాను."

"నొప్పి ఇప్పుడు కదా బాబూ ఉంది."

మకరందుడు సిగ్గుపడి నీళ్ళలోకి దిగాడు. మొదటి ఈటె పట్టుకునేటప్పుడు చేతులు గజగజలాడాయి. రెండోది కూడా భయపడుతూనే లాగాడు. మూడోది లాగేటప్పుడు కూడా భయం ఉంది, కానీ చేతులు దాని మాట వినడం మానేశాయి.

తిమింగలం అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది. మకరందుడు ప్రతి సాయంత్రం తన కాలి మీద మూడు వేళ్ళు పెట్టి కొలుచుకునేవాడు. ఇప్పుడు మోకాలు దాటి ఉంటుంది. ఇప్పుడు తొడ. ఇప్పుడు నడుము. పందొమ్మిదో రోజు పొద్దున దీవి చేరారు. ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

భూతకేతుడు కత్తి దూస్తాడనుకుంటే, నవ్వుతూ ఎదురొచ్చాడు. "అలసిపోయావు రాకుమారా. స్నానం చెయ్యి, భోంచెయ్యి. మన సంగతి రేపు తేల్చుకుందాం." విందు తిని పడుకున్న మకరందుడు మర్నాటి దాకా లేవలేదు. ఇరవయ్యో రోజు లేవగానే ఆటపాటలు మొదలయ్యాయి. భూతకేతుడు మళ్ళీ "రేపు" అన్నాడు.

పూలు తెచ్చిచ్చిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమె హేమలేఖ, మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాకుమార్తె. కాలికి మంత్రపు గొలుసుంది.

"తోటలో రాతిబొమ్మలు చూశారా?" అంది గొంతు తగ్గించి. "అందరూ ఆయన్ని చంపడానికి వచ్చినవాళ్ళే. రేపు, రేపు అంటూ ఆగి అలా అయ్యారు. చిలక ఆ గాజుకొండ మీది పంజరంలో ఉంది. మూడు వందల మెట్లు. మీరు కదిలితే ఆయన కనిపెడతాడు. మీరు కదలరని నమ్మితే మాత్రం మధ్యాహ్నం గాఢంగా నిద్రపోతాడు."

ఇరవై ఒకటో రోజు పొద్దున భూతకేతుడు అడిగాడు. "ఇవాళ తేల్చుకుందామా?"

మకరందుడు బద్ధకంగా ఆవులించాడు. "ఒళ్ళంతా నొప్పులు. రేపు చూద్దాం."

జీవితమంతా చెప్పిన మాట కదా, ఎంత సహజంగా వచ్చిందో. మాంత్రికుడు పగలబడి నవ్వి, మధ్యాహ్నం కాగానే గుర్రుపెట్టాడు.

మకరందుడు పరుగెత్తాడు. గాజుమెట్లు నున్నగా ఉన్నాయి, నాలుగెక్కితే మూడు కిందికి జారుతున్నాడు. వంద మెట్లెక్కేసరికి ఎండ పసుపురంగుకి తిరిగింది. రెండు వందలెక్కేసరికి ఎరుపెక్కింది. మూడు వందలో మెట్టు మీద పంజరం తెరిచేసరికి సూర్యుడి అంచు నీటిని తాకింది.

"ఎందుకంత తొందర?" అంది చిలక తియ్యగా. "ఇంకా వెలుతురుంది. కాసేపు ఆలోచించుకో."

కింద భూతకేతుడి కేక వినిపించింది. మకరందుడు ఆలోచించలేదు. చిలక మెడ విరిచేశాడు. కేక సగంలో ఆగిపోయింది. తోటలో రాతిబొమ్మలు మనుషులై లేచాయి. హేమలేఖ కాలి గొలుసు తెగిపోయింది.

అయినా తండ్రి బతికున్నాడో లేదో ఎవరు చెప్తారు? సూర్యుడు ముందు మునిగాడా, చిలక ముందు చచ్చిందా అని, ఒడ్డున కాచుకున్న తిమింగలం మీద ఇద్దరూ తిరిగొస్తుంటే దారి పొడుగునా అదే బెంగ. హేమలేఖ ఎంత ధైర్యం చెప్పినా అతనికి కన్ను మూతపడలేదు. రేవులో దిగి కోట వాకిటి దాకా వచ్చి ఆగాడు. "కాసేపు ఇక్కడ కూర్చుందాం" అన్నాడు.

"నేను పక్కనే వస్తాను, పదండి" అంది హేమలేఖ.

లోపల రాజు దిండుకి ఆనుకుని గంజి తాగుతున్నాడు. మకరందుడు పరుగున వెళ్ళి ఆయన గుండె మీద చెవి పెట్టాడు. కొట్టుకుంటోంది. తర్వాత దుప్పటి తొలగించాడు. రాయంతా కరిగింది, మోకాళ్ళ కింద తప్ప. ఆలస్యం చేసిన ఐదు రోజులూ అక్కడే గడ్డకట్టి ఉన్నాయి.

మకరందుడు ఆ కాళ్ళ మీద పడి ఏడ్చాడు. రాజు అతని తల నిమిరాడు. "మిగతాదంతా నువ్వే తెచ్చిచ్చావు నాయనా. లే."

యుద్ధం గెలిచి అన్నలు వచ్చారు. వాళ్ళు సరిహద్దు సీమలు పంచుకుని, రత్నకోటని తమ్ముడికే అప్పగించారు. హేమలేఖ తల్లిదండ్రులు తరలివచ్చారు, మంచి రోజు చూసి పెళ్ళి జరిపించారు. మకరందుడు అరవై ఏళ్ళు చల్లగా రాజ్యమేలాడు. తండ్రి బతికినన్నాళ్ళూ ప్రతి ఉదయం, కొలువుకి వెళ్ళేముందు, ఆయన్ని చేతుల మీద ఎత్తుకుని ఎండలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టేవాడు. ఒక్క ఉదయం కూడా ఆ ముసలాయన కొడుకు కోసం ఎదురుచూడవలసిన అవసరం రాలేదు.