దిగమనకూడని పీఠం

రాజులకు చుక్కలంటే మోజు పుట్టిన కాలంలో ఒక రాజుగారు కోట బురుజు మీద పెద్ద ఇత్తడి దుర్భిణి పెట్టించారు. మామూలు రోజుల్లో అది బొంగరంలా తిరిగేది. రాజుగారు చూడవచ్చిన సాయంత్రం మాత్రం బిగుసుకుపోయేది.

"ఇదంతా దీన్ని బిగించిన కమ్మరి సూరాలు చేతకానితనం, ప్రభూ!" అనేవాడు ఆస్థాన జ్యోతిష్కుడు విరూపాక్ష సిద్ధాంతి. రాజుగారు వచ్చినప్పుడే ఆయనా వచ్చి, నలుగురు మోసుకొచ్చిన రాతిపీఠం మీద కూర్చునేవాడు. ఆ పీఠం దిగమని రాజు కూడా అనకూడదు. అది తాతలనాటి ఆచారం.

"ఇవాళ కూడా తిరక్కపోతే నీ చెయ్యి తీయిస్తాను," అన్నారు ఒక సాయంత్రం రాజుగారు, సూరాలుతో.

దుర్భిణి తిరగలేదు. సూరాలు వంగి చూసింది. పీఠం బరువుకి సిద్ధాంతి బరువు కూడా తోడై, దుర్భిణి కింది నేలచెక్క ఒకవైపు కుంగి, రెండోవైపు లేచి ఇరుసును నొక్కేస్తోంది. ఆమెకి ఒళ్లు మండింది.

"తప్పు నాది కాదు ప్రభూ! దీనికెవరో చేతబడి చేశారు. చేసినవాడు కూర్చున్న చోటినుంచి లేవలేడు!"

సిద్ధాంతి ఒక్క గెంతులో కిందికి దూకాడు. "చూడండి ప్రభూ, నేను లేచాను!"

సూరాలు చిటికెనవేలితో తోసింది. దుర్భిణి గిర్రున తిరిగింది. సిద్ధాంతి ఠీవిగా మళ్లీ కూర్చున్నాడు. అది మళ్లీ బిగుసుకుంది.

రాజుగారు నేలచెక్కను చూశారు, సిద్ధాంతిని చూశారు. "మరి ఈయన్ని దిగమనకూడదే! ఎలా?"

"దిగమనకండి ప్రభూ," అంది సూరాలు. "తెచ్చిన నలుగురితోనే, పీఠంతో సహా కోట బయటికి మోయించండి."