మంటలో వేసిన తాటాకుల కట్ట

ఒకానొక రాజ్యంలో రణధవళుడనే రాజుకు పాఠాలు చెప్పే సరదా ఉండేది. ప్రతి గురువారం కోటలోని పాఠశాలకు వెళ్లి పీఠం మీద కూర్చునేవాడు. పాఠం చెప్పేది తక్కువ, పిల్లల్ని ఆటపట్టించేది ఎక్కువ. రాజు హాస్యమాడితే నవ్వకుండా ఉండే ధైర్యం ఎవరికుంటుంది? అందుకే తనంత చమత్కారి లేడని ఆయన నమ్మకం.

ఆ పాఠశాలలో ప్రతి విద్యార్థీ తాను చదివిన గ్రంథాన్ని స్వయంగా తాటాకుల మీద రాసి దసరాకు అప్పగించాలి. లేకపోతే చదువు పూర్తికానట్టే. కొండప్ప అనే కుర్రవాడు మూడేళ్లుగా రాస్తున్నాడు. ఇక పది ఆకులే మిగిలాయి.

ఒక గురువారం రాజు ఆ గ్రంథాన్ని దాచేసి, దాని గుడ్డలో ఒట్టి ఆకులు చుట్టి, "అన్నీ తప్పులే!" అంటూ కుంపట్లో పడేశాడు. కొండప్ప కేకపెట్టి నిప్పుల్లో చేయి పెట్టాడు. వేళ్లు కాలాయి. రాజు పకపకా నవ్వి అసలు గ్రంథం తీసి ఇచ్చాడు.

మర్నాటి నుంచి కొండప్ప బడికి రాలేదు. కాలిన వేళ్లతో ఆకుల మీద రాసే గంటం పట్టలేడు. దసరా పదిహేను రోజుల్లో ఉంది.

ఈ సంగతి విని ఆస్థాన విదూషకుడు మాచనకు ఒళ్లు మండింది. "ప్రభూ, గురువు శిష్యుడితో ఎంతవరకు పరిహాసమాడవచ్చు?" అని అడిగాడు.

"చివరికి అబద్ధమని చెప్పేస్తే సరి. వాడికి సరసం తెలియదయ్యా," అన్నాడు రాజు.

మర్నాడు మాచన నిండు సభకు ఒక పట్టుగుడ్డ మూట, ఒక కుంపటి తెచ్చాడు.

"ప్రభూ! తమరు పదేళ్లుగా చెప్పి రాయించుకుంటున్న కావ్యం తమ పెట్టెలో భద్రంగా ఉంది. ఇవి ఒట్టి ఆకులు. ముందే మనవి చేస్తున్నాను. మంటలో వేయమంటారా?"

"వెయ్యి, నాకేం?"

మాచన చేయెత్తాడు.

"ఆగు! ఒకసారి గుడ్డ విప్పు."

"ఒట్టి ఆకులే ప్రభూ."

"పెట్టె ఎవరైనా తెరిచారేమో!"

మాచన మూటను మంట మీదికి దించాడు. రాజు సింహాసనం మీంచి ఒక్క గంతు వేసి దాన్ని లాక్కున్నాడు. కిరీటం దొర్లిపోయింది. విప్పి చూస్తే నిజంగా ఒట్టి ఆకులే.

"నేను తమ సేవకుణ్ణి. పైగా ముందే నిజం చెప్పాను. అయినా తమరు ఆగలేకపోయారు," అన్నాడు మాచన. "కొండప్పకు ఎవరూ చెప్పలేదు. మంటలో వేసింది గురువు, అందులోనూ రాజు. గురువు చేసింది అబద్ధమని శిష్యుడు ఎలా అనుకుంటాడు ప్రభూ?"

రాజు తల తడుముకున్నాడు, కిరీటం కోసం చూశాడు, చివరికి తన గంతు తలుచుకుని గట్టిగా నవ్వాడు. భుజం మీది శాలువా తీసి మాచనకు కప్పాడు.

"శాలువా బాగుంది ప్రభూ. మరి ఆ పది ఆకులు?"

"నా వల్ల కాలిన వేళ్లు. వాడు చెబితే నేనే రాస్తాను," అన్నాడు రాజు.

ఆ సాయంత్రమే కొండప్ప ఇంటికి వెళ్లి, "తప్పు నాది నాయనా," అని గంటం పట్టాడు. కుర్రవాడు భయంభయంగా చెబుతుంటే రాయసాగాడు. అలవాటు లేని చేయి, గట్టిగా నొక్కేసరికి ఆకు నిలువునా చీలింది.

కొండప్ప కాసేపు తటపటాయించి, ఇంకో ఆకు అందించాడు. "మళ్లీ మొదటినుంచి రాయండి ప్రభూ," అంటూ ఫక్కున నవ్వేశాడు.