రెండు దిబ్బలకు ఒక్క నక్క కాపలా

ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, మడచెట్ల నడుమ రెండు దిబ్బలుండేవి. ఒకదానిమీద బాతులు, రెండోదానిమీద బుడుబుంగలు గూళ్లు కట్టుకుని బతికేవి. బాతులకు నౌకాదళం ఉండేది. పన్నెండు బాతులు, వాటికో సేనాని. సేనాని పేరు నూకాలమ్మ. ఆమె నడుస్తుంటే తోక ఒకవైపు, హోదా ఒకవైపు ఊగేవి.

ఆటు వేళ నీళ్లు తీస్తే ఒడ్డునుంచి దిబ్బదాకా బురదగట్టు తేలుతుంది. గుడ్లకోసం ఆ గట్టు మీదుగా వచ్చే జంబన్న నక్కను ముక్కుమీద పొడిచి పంపడమే దళం పని. బుడుబుంగలు తమ గట్టు దగ్గర అదే పని చేసేవి. పాపం, జంబన్న ముక్కు రెండువైపులా వాచిపోయింది.

ఒకనాడతను ఒడ్డున చతికిలబడి నిట్టూర్చాడు. "సేనానమ్మా, నిన్ను చూస్తే జాలేస్తోంది."

"నన్నా? ఎందుకు?"

"ఆ బుడుబుంగలు పొద్దస్తమానం బుడుంగు బుడుంగుమని మునుగుతున్నాయే, ఎందుకనుకున్నావు?"

"చేపలకోసం."

"పిచ్చితల్లీ! కిందనుంచి వచ్చి మీ పొట్టలు పొడవడానికి. రేపు ఆటు వేళకి మీ దిబ్బ వాళ్లదే."

నూకాలమ్మకు అప్పుడే పొట్టలో ఎక్కడో పొడిచినట్టయింది. "ఇప్పుడేం దారి?"

"దళాన్నంతా తీసుకెళ్లి ఏటి మధ్యలోనే అడ్డుకో. గట్టు సంగతి నాకొదిలెయ్. గుడ్లను కంటికి రెప్పలా చూసుకుంటాను."

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టు లేదూ?" అని వెనక వరసలో ఒక ముసలి బాతు గొణిగింది.

"యుద్ధ సమయంలో సామెతలు చెప్పకూడదు," అని కసిరింది నూకాలమ్మ.

మర్నాడు ఆటు ముగిసే వేళకు బాతుల దళం ఏటి మధ్యకు చేరింది. అవతలనుంచి బుడుబుంగలూ వచ్చాయి. వాటి నాయకుడు బుంగరాజు పిడికెడంత ఉంటాడు, గొంతు మాత్రం బండెడు.

"బెత్తెడు ముందుకొచ్చావా, ఊరుకోను!" అని అరిచాడు.

"నేను రావట్లేదు, నీరే తోస్తోంది!" అంది నూకాలమ్మ.

"అయితే నీళ్లకి చెప్పుకో!"

ఇంతలో ఒక బాతు కెవ్వుమంది. జాలర్లు వదిలేసిన చిరుగువల నీటి అడుగున దాని కాలికి చుట్టుకుంది. దళమంతా తలకిందులైంది. పన్నెండు తోకలు ఆకాశాన్ని చూశాయి గానీ, ఒక్క ముక్కూ వలకు అందలేదు. నూకాలమ్మ పైకి తేలింది. కింద చిక్కుకున్నది తన దళం బాతు. పరువూ పంతమూ ఒక్క గుటకలో మింగేసింది.

"బుంగరాజు బావా, నువ్వు మునగగలవు. మా దాన్ని కాపాడు."

"ఇది వ్యూహమా?"

"వ్యూహమైతే నాకింత సిగ్గెందుకేస్తుంది?"

బుంగరాజు బుడుంగున మునిగాడు. వల కొరికి, కాలు విడిపించి, తేలాడు.

"ఇంత లోతు మునగడం మా పొట్టలు పొడవడానికేనట కదా?" అంది నూకాలమ్మ.

"ఎవడన్నాడు? మీరే మా దిబ్బమీద పడతారని జంబన్న చెప్పాడు. పాపం, మా గుడ్లకు కాపలా ఉంటానన్నాడు కూడా."

"మా గుడ్లకూ ఉంటానన్నాడే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒక్కడు రెండు దిబ్బలెలా కాస్తాడు?"

"ఒకటి తిన్నాక ఇంకోటి!"

వెంటనే రెండు దళాలూ ఒకటై వెనక్కి తిరిగాయి. "మేం పైన, మీరు కింద," అంది నూకాలమ్మ. అప్పటికి జంబన్న బాతుల గట్టుమీద సగం దూరం వచ్చాడు. బాతుగుడ్డు పెద్దది కదా, ముందు అటే బయల్దేరాడు. బురదలో కాళ్లు దిగబడి, ఒక్కో అడుగూ పీకి వేసుకుంటున్నాడు.

రెండువైపులా బాతులు గోల మొదలెట్టాయి. అతను బెదిరి అటూ ఇటూ చూసేలోగా, గట్టు పక్క నీళ్లలోంచి బుడుబుంగలు ఒక్కొక్కటే లేచి కాళ్లు పొడవసాగాయి. పైన చూస్తే కింద, కింద చూస్తే పైన! పోటు కూడా మొదలై గట్టు మునిగింది. జంబన్న జాలర్లు వల కట్టడానికి పాతిన ఒక గుంజ ఎక్కి వేలాడాడు.

"నేను కాపలాకి వచ్చానమ్మా!"

"ఎవరి గుడ్లకి?" అని ఇద్దరు సేనానులూ ఒకేసారి అడిగారు.

జంబన్న అటు చూశాడు, ఇటు చూశాడు. "...ముందు ఎవరు అడిగారు?"

"ముంచేద్దామా?" అన్నాడు బుంగరాజు.

"వద్దు. నీళ్లలో చిక్కినవాణ్ణి ముంచితే అది దళమే కాదు," అంది నూకాలమ్మ.

ఒక మడకొమ్మ అందించారు. బాతులు ముందునుంచి లాగాయి, బుడుబుంగలు వెనకనుంచి పొడిచాయి. లాగినదానికన్నా పొడిచినదానికే ప్రయాణం తొందరగా సాగింది. ఒడ్డెక్కిన జంబన్న తోక ముడిచి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

ఆ రోజునుంచి రెండు గట్లకూ ఒకటే గస్తీ. ముందు ఎవరు ఈదాలన్నదానిమీద మాత్రం సేనానులిద్దరూ ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నారు.

పొరుగువాడి మనసులో ఏముందో నక్కనడిగేకంటే, నాలుగు బారలు ఈదివెళ్లి పొరుగువాణ్ణే అడగడం మేలు.