బల్ల కింది తీగ

యూనివర్సిటీలో కంప్యూటర్ ల్యాబ్ పెట్టి, అందులో పాఠాలు చెప్పే పని వకుళ మీద పడి నాలుగు నెలలయింది. ముప్పై కంప్యూటర్లు, మూడు వరసలు. వరసకొక తీగ. అది ఒక్కో కంప్యూటర్‌నీ కలుపుకుంటూ చివరిదాకా పోతుంది. ఎక్కడ ఊడినా ఆ వరసంతా ఆగిపోతుంది.

క్లాసులు మొదలయ్యాక ఆమె కుర్చీలో కూర్చున్నది లేదు. ఎవరి కాలు తగిలి తీగ కదిలినా అటు పరుగెత్తేది. ఎవరైనా తడబడితే మౌస్ లాక్కుని తనే చేసి పెట్టేది. విద్యార్థులు చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేవాళ్లు.

మొదటి పరీక్షలో నలుగురే గట్టెక్కారు. ఇలాగే సాగితే ల్యాబ్‌ను ఆఫీసు వాడకానికి తీసుకుంటామని పైనుంచి కబురొచ్చింది.

వకుళ జక్రియా గారి గదికి వెళ్లింది. ఆమెకు లెక్కలు నేర్పిన గురువు ఆయన. ఆ ఏడాదే రిటైరవుతున్నారు.

"నా వల్ల కావడం లేదు సార్. ఇద్దరు మనుషుల్నైనా ఇమ్మనండి, తీగలైనా మార్పించమనండి. మీరు చెబితే వింటారు."

"రేపు క్లాసెప్పుడు?"

"పదింటికి."

"వస్తాను."

మర్నాడు ఆయన మూడో వరస చివర స్టూలు మీద కూర్చున్నారు. పాఠం మొదలై పావుగంట కాలేదు. ఆయన వంగి, బల్ల కింద తీగ కొసను రెండు వేళ్లతో తిప్పి ఊడదీశారు.

వరసలో తెరలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

వకుళ ఆయన చేసింది చూసింది. గబగబా వచ్చింది. "సార్, మీరే..."

"నేనే. ఇలా కూర్చో." పక్కనున్న స్టూలు జరిపారు.

"ఒక్క నిమిషం సార్, అది పెట్టేసి..."

"కూర్చో తల్లీ."

కూర్చుంది. కాలు ఆడుతూనే ఉంది. గడియారం చూసింది, తలుపు వైపు చూసింది, మళ్లీ గడియారం. పిల్లలు ఆమె లేస్తుందని ఎదురుచూశారు. లేవలేదు.

కాసేపటికి సువార్త, ఎప్పుడూ నోరెత్తని పిల్ల, చున్నీ నడుముకు చుట్టుకుని బల్ల కిందికి దూరింది. "ఈ వైపు నుంచి రా" అంటూ ఎల్లప్ప ఇంకో పక్క దూరాడు. బాగున్న కొస ఒకటి ఊడదీసి మళ్లీ పెట్టారు. ఏమీ కాలేదు. అది కాదు ఇది అని వాదించుకున్నారు.

"అది కాదర్రా..." వకుళ లేవబోయింది.

జక్రియా గారు వద్దన్నట్టు తల ఊపారు.

సువార్త తీగను చేత్తో తడుముకుంటూ ఆయన దాకా పాక్కుంటూ వచ్చింది. ఆయన కాళ్లు ఎత్తి దారిచ్చారు. కింద టక్‌మని చిన్న చప్పుడైంది. తెరలు కదిలాయి. వరసలో వాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు వంగి ఆ కొస చూశారు.

"ఇరవై నిమిషాలు పోయాయి సార్," వకుళ గొంతు తగ్గించి అంది. "నేనైతే అర నిమిషంలో పెట్టేదాన్ని."

"అవును. ఈ నాలుగు నెలల్లో నువ్వు బాగా నేర్చుకున్నావు," అని ఆయన లేచి వెళ్లిపోయారు.

గంట కొట్టేలోగా మొదటి వరస దానంతటదే ఆగిపోయింది. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

వకుళ సగం లేచింది. మళ్లీ కూర్చుంది.